పిట్ట ముట్టని పూట

ములుగు వైపు వెళితే రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులే కాదు, పేరు బయటికి రాని చిన్న చెరువులు కూడా ఊరికొకటి కనిపిస్తాయి. అలాంటి ఒక చెరువు కింద, ఒక ఊళ్ళో, ఒక నీరటి ఉండేవాడు. ఎవరి మడికి ఎప్పుడు ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేవాడే నీరటి. తూము తియ్యడం, ముయ్యడం, కాలువలో పూడిక ఎత్తిపొయ్యడం, ముసురు పట్టిన రాత్రుళ్ళు కట్ట పొడుగునా తిరిగి ఎక్కడన్నా బుంగ పడిందేమో చూసుకోవడం ఆయన పని. పంట నూర్చాక కల్లం దగ్గర రైతులు తలా ఇన్ని వడ్లు కొలిచి ఇచ్చేవారు. ఆ పనిలోనే ఆయన ముసలివాడయ్యాడు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆయన నీరటి తాత.

మాట తక్కువ మనిషి. ఇంట్లోనూ అంతే. వానకాలం రాత్రుళ్ళు ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఎండకాలంలో ఉన్నా వాకిట్లో మంచం వేసుకుని చెరువు దిక్కు తల పెట్టి పడుకునేవాడు. పెద్దకొడుకు చదువుకుని హైదరాబాదులో ఉద్యోగానికి కుదిరాడు. వాడికి నాయిన అనగానే గుర్తొచ్చేవి కొన్నే: తడి గొంగడి వాసన, గోడకు ఆనించిన పార, మోకాళ్ళ దాకా ఆరని బురద. పదో తరగతి పాసయిన రోజు ఆ కబురు చెబుదామని కట్ట మీదికి పరిగెత్తుకు పోతే, తూము దగ్గర వంగి ఉన్న నాయిన తల కూడా ఎత్తకుండా, "మంచిది, పొయ్యి బువ్వ తిను" అన్నాడు. ఎన్నేళ్ళు గడిచినా ఆ మాట కొడుకు మనసులోంచి పోలేదు.

ఒక తెల్లవారుజామున నీరటి తాత నిద్రలోనే కన్నుమూశాడు.

ఊరు ఊరంతా కదిలింది. ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యకూడదు కనుక ఎదురింటివాళ్ళు అన్నం, పప్పు వండి పంపారు. వాకిట్లో షామియానా వేశారు, కుర్చీలు తెప్పించారు. వచ్చినవాళ్ళు కొడుకు పక్కన కూర్చుని, "ఎట్లయింది బిడ్డా?" అని అడిగేవారు. కొడుకు చెప్పేవాడు. రాత్రి గటక తాగిండు, మంచిగనే పండుకున్నడు, పొద్దుగాల అవ్వ పోయి లేపితె లేవలే. మూడో రోజుకు ఆ నాలుగు ముక్కలు బడిపిల్లవాడు అప్పజెప్పే పాఠంలా తడుముకోకుండా వచ్చేవి. విన్నవాళ్ళు కాసేపు తల వంచుకుని, "పండుటాకు రాలింది", "ఎవలి చేతుల ఏమున్నది", "మంచం వట్టకుంట పోయిండు, అదృష్టవంతుడు", "నువ్వు ధైర్నంగ ఉండాలె, మీ అవ్వను సూసుకోవాలె" అనేవారు. చావింట్లో పోయొస్తమని అనకూడదు కాబట్టి ఏమీ అనకుండా లేచి చెప్పులేసుకునేవారు. కొడుకు ఫోన్ నిండా చేతులు జోడించిన బొమ్మలు.

వాళ్ళందరి బాధా నిజమైనదే. కానీ తొమ్మిది రోజుల్లో అంతమంది వచ్చి వెళ్ళినా, నాయిన గురించి కొడుక్కి మొదటి రోజు ఎంత తెలుసో తొమ్మిదో రోజుకూ అంతే తెలుసు.

పదో రోజున చెరువు కట్ట కింద పిట్టకు పెట్టారు. మోదుగాకుల విస్తరిలో బువ్వ, కోడికూర, గారెలు, సర్వపిండి. పక్కన ముంతలో కల్లు, ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె. అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి. ఒకటి దిగింది. విస్తరి చుట్టూ రెండడుగులు వేసి మళ్ళీ ఎగిరి కొమ్మ మీద కూర్చుంది. ఎండ ఎక్కింది. పిట్ట ముట్టలేదు.

పిట్ట ముట్టకపోతే పోయినాయన మనసులో ఏదో మిగిలిపోయిందని నమ్మకం. అదేమిటో కనుక్కుని తీరుస్తామని మాటిస్తే ముడుతుందంటారు.

"ఏమో మనసుల వెట్టుకున్నడు, అడుగు బిడ్డా" అన్నాడు ఊరి పెద్దమనిషి.

కొడుకు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నాయినా, అవ్వను మంచిగ సూసుకుంట." కాకి కదల్లేదు. "చెల్లె పిల్లలను సదివిస్త." కదల్లేదు. "నీ పేరు మీద ఏటేటా అన్నదానం జేస్త." కాకి అటు తిరిగి కూర్చుంది. ఇంకేం చెప్పాలో కొడుక్కి తోచలేదు. ఉన్నవన్నీ చెప్పేశాడు. వెనక్కి తిరిగి జనం వైపు చూశాడు.

"నాయినకు ఏమిష్టమో నాకు ఎరుక లేదు. మీకెవలికన్న ఎరుకుంటె చెప్పుండ్రి" అన్నాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తాళ్ళెక్కే గౌడు గొంతు సవరించుకున్నాడు.

"ఇగ చెప్పాలె గద. మీ నాయిన కల్లు తాగడు బిడ్డా. మీరు ముంత వెట్టిన్రు. ఏటా తొలివాన పడ్డనాడు నా దగ్గరికొచ్చి ఒక ముంత దీసుకపోయేటోడు. తాగేతందుకే అనుకునేటోన్ని. ఒకసారి ఎనక పోయి సూస్తి. తూముకాడ కట్టమైసమ్మకు ఆరబోసి, ముంత కడిగి, తెచ్చి నాకిచ్చిండు. సుక్క నోట్ల వోసుకోలే."

ముంత పెట్టిన కోడలు నాలుక కరుచుకుంది. ఎవరో చిన్నగా నవ్వారు. ఆ ఇంటి మనుషుల మధ్య పది రోజుల్లో అదే మొదటి నవ్వు.

అప్పుడు ఒక ముసలమ్మ లేచింది. ఆమె పొలం ఆయకట్టుకు చిట్టచివర.

"మా ఇంటాయన పోయినేడు నాకు నాత్రి వంతు వచ్చేది. ఆడిమనిషిని, సీకట్ల ఒక్కదాన్ని ఎట్ల పోవాలె? తెల్లారి పోయి సూస్తె మడి నిండుగ ఉండేది. ఎవలు పారిచ్చిన్రంటె ఒక్కలూ చెప్పకపాయె. ఒకనాడు పానం ఆగక నడిజాముల పోయిన. మడి ఒడ్డు మీద కందీలు వెట్టుకొని ఈ మనిషి కూసున్నడు. నేను సూసినట్టు ఆయనకు ఎరుక లేదు. అడిగితె కోపానికొస్తడని నేనూ అడగలే. మూడేండ్లు గట్లనే పారిచ్చిండు."

జనం వెనకాల, కట్ట మెట్ల దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. తొమ్మిది రోజులూ ఆ గడప తొక్కనివాడు. అందరి తలలూ తనవైపు తిరిగాక ఆయనే నోరు విప్పాడు.

"నేను మంచి చెప్పేతందుకు రాలే. కరువొచ్చినేడు నాత్రిపూట నేను కాలువకు గండి కొట్టుకున్న. వట్టుకున్నడు. పదిమంది ముంగట నిలవెట్టి నా వంతు బందు జేసిండు. నా వరి ఎండింది. బిడ్డ పెండ్లి ఆగింది. ఆ కోపం నాకిప్పటికీ ఉన్నది, సచ్చినోని ముందర అబద్ధమెందుకు. గని ఒక్కటి చెప్పాలె. ఆ నెలలనే ఆయన సొంత తమ్ముడు గండి కొడితె, ఆయనకు గూడ బందు జేసిండు."

ముందు వరసలో కూర్చున్న తమ్ముడు తల ఊపాడు. "నిజమే. నేనూ ఏడాది మాట్లాడలే అన్నతోని."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. సద్దుల బతుకమ్మనాడు ఆడవాళ్ళు బతుకమ్మలను నీళ్ళలో విడుస్తుంటే రొమ్ము లోతున నిలబడి, నాచులో చిక్కినవాటిని ఒక్కొక్కటే నడిమికి నెట్టేవాడని, చిన్నపిల్లలు జారితే అందుకోవడానికి అక్కడే ఉండేవాడని చంకలో బిడ్డ ఉన్న ఒక కోడలు చెప్పింది. మత్తడి దుంకిన రోజు ఊళ్ళో పిల్లలందరినీ పిలిచి చూపించేవాడని, ఎవరన్నా దగ్గరికి పోతే మాత్రం చేతికర్రతో ఒక్కటి వేసేవాడని దెబ్బలు తిన్నవాళ్ళే చెప్పారు.

చివరికి, పని విరమించిన బడిపంతులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు పది పాసైననాడు సాయంత్రం మీ నాయిన పేపరు వట్టుకొని మా ఇంటికొచ్చిండు. అప్పట్ల నంబర్లు పేపర్ల ఏసేటోళ్ళు గద. 'సారూ, ఇండ్ల నా కొడుకు నంబరు ఏడున్నది?' అన్నడు. చూపెట్టిన. ఎర్రపెన్నుతోని గీత గీయమన్నడు. గీసిన. వేలు వెట్టి రెండుసార్లు తడిమి సూసుకున్నడు. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ ముక్కల సుట్టుకొని రుమాల్ల కట్టుకొని పోయిండు. నీళ్ళల్ల దిగేటోడు, తడుస్తదని."

కొడుకు నోట మాట లేదు. అప్పుడు, పది రోజులుగా ఒక మూల కూర్చుని ఎవరికీ జవాబు చెప్పే పని పడని తల్లి, తలెత్తకుండానే అంది:

"అది ఇంట్లనే ఉన్నది. దూలం సందుల. ఎలుకలు కొడతయేమోనని ఏటా తీసి సూసి మల్ల వెట్టేటోడు."

"నాకెన్నడు చెప్పలేదేందవ్వా?"

"నువ్వెన్నడు అడిగినవ్ కొడుకా?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఒక పిల్లవాడు మాత్రం విస్తరి వైపు చూసి, "పిట్ట తినుడు గూడ అయిపోయింది" అన్నాడు. బువ్వ చెల్లాచెదురుగా ఉంది. కూర ముక్కలు లేవు. ముంత ఒక పక్కకు ఒరిగి ఉంది. కాకి ఎప్పుడు దిగిందో, ఎవరి మాటకు దిగిందో చూసినవాళ్ళు లేరు. పంతులు మాటకని కొందరన్నారు. గండి కొట్టినాయన నిజం చెప్పినందుకని కొందరన్నారు. ఊళ్ళో ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

నీతి:

పోయిన పెద్దమనిషిని ఆయన ఇంటివాళ్ళు పూర్తిగా ఎరిగి ఉండరు. పొలంలో ఆయన ఎలా ఉండేవాడో, కచేరీలో ఎలా ఉండేవాడో, స్నేహితుడి దగ్గర ఏం చెప్పుకునేవాడో వాళ్ళు చూడలేదు. చూసినవాళ్ళు మనం. కాబట్టి పరామర్శకు వెళ్ళేటప్పుడు మన దగ్గరున్న జ్ఞాపకాన్ని ఆ ఇంటికి అప్పగించి రావాలి.

మనం చేసేది తరచుగా దీనికి తలకిందులుగా ఉంటుంది. వెళ్ళగానే "ఎట్లయింది?", కోస్తాలో అయితే "ఎలా జరిగిందండీ?" అని అడుగుతాం. అడగకపోతే పట్టింపు లేదనుకుంటారని అడుగుతాం. కానీ ఆ కుర్చీలో కూర్చున్న కొడుకో కూతురో అప్పటికే ఆ చివరి రాత్రిని ఎంతమందికి చెప్పారో ఆలోచించం. ఏ టైముకు ఆయాసం వచ్చింది, అంబులెన్సు ఎంత ఆలస్యమైంది, డాక్టరు ఏమన్నాడు. చెప్పిన ప్రతిసారీ వాళ్ళు ఆ రాత్రిలోకే వెళ్ళి వస్తున్నారు. ఎనభై ఏళ్ళు బతికిన మనిషి, పదకొండు రోజులు గడిచేసరికి, తన సొంత ఇంట్లో ఒక చివరి రాత్రిగా మిగిలిపోతున్నాడు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. మరణం ఎలా వచ్చిందో వాకిట్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. ఇంటివాళ్ళ ముందు కూర్చున్నప్పుడు మనం మనిషి గురించి చెప్పాలి.

ఏం చెప్పాలో తెలియక "ఆత్మకు శాంతి" అని ఊరుకుంటామనేవాళ్ళున్నారు. గొప్ప సంగతే కానక్కర్లేదు. "మీ అమ్మగారు మా ఇంటికొస్తే కాఫీలో చక్కెర వద్దని చెప్పి, మా పిల్లల దగ్గర చాక్లెట్ అడిగి తీసుకునేవారు" అన్నా చాలు. అది ఆ కూతురికి తెలియని అమ్మ. ఆ పూటకు ఆమెకు అమ్మ కాస్త ఎక్కువగా దొరుకుతుంది. తెలిసిన సంగతే అయినా, వేరేవాళ్ళ నోట వినడంలో ఒక ఊరట ఉంది. మా అమ్మను ఇంకొకరు కూడా సరిగ్గా చూశారన్న ఊరట అది.

పోయిన మనిషి గురించి తెలియాల్సింది పోయాక తెలియడం ఎంత బరువైనదో భారతంలో స్త్రీపర్వం చదివినవాళ్ళకు తెలుసు. తిక్కన తెలుగువాళ్ళకిచ్చిన పదిహేను పర్వాల్లో అదొకటి. యుద్ధం ముగిసింది, దహనాలు అయ్యాయి, గంగ ఒడ్డున చనిపోయినవాళ్ళకు నీళ్ళు వదులుతున్నారు. కర్ణుడికి కూడా వదలమని, అతడు మీకు అన్న అని కుంతి అప్పుడు చెబుతుంది. ధర్మరాజు కుప్పకూలిపోతాడు. ముందే తెలిసి ఉంటే ఇంత నాశనం జరిగేదా అని విలపిస్తాడు. కుంతి దాచినది మామూలు రహస్యం కాదు, ఆమె కష్టం ఆమెది. మన ఇళ్ళలో అలాంటి రహస్యాలేవీ లేవు. దూలం సందులో పేపరు ఉంది. దాన్ని ఎవరూ దాచలేదు, ఎవరూ అడగలేదు. అయినా అది బయటపడేది చెరువు ఒడ్డున, పదో రోజునే.

ఇక్కడొక చిక్కుంది. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. కక్ష తీర్చుకోవడానికి చావింటికి వెళ్ళడం నీచమే, అందులో రెండో మాట లేదు. కానీ పొగడ్తలతో నిండిన సంతాపసభలో ఆ మనిషి కనిపించడు. అందరికీ ఒకే మాటలు వాడతాం: స్నేహశీలి, నిగర్వి, అజాతశత్రువు. ఈ మూడూ ఏ ఫోటో కింద రాసినా అతుకుతాయి. గండి కొట్టినాయన తన కోపాన్ని దాచుకోకుండా చెప్పాడు కనుకనే, తమ్ముడికి కూడా నీళ్ళు ఆపిన మనిషి ఆ కొడుక్కి కనిపించాడు. పెద్దాయన కోపిష్టి అయితే కోపిష్టి అనే చెప్పండి, ఆ కోపం ఎక్కడ చల్లారేదో కూడా మీకు తెలిసి ఉంటే చెప్పండి. ఇంటివాళ్ళకు ఆ కోపం మీకన్నా బాగా తెలుసు. దాన్ని లేదని దాటేస్తే వాళ్ళు మీ మిగతా మాటలు కూడా నమ్మరు.

2020 లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకు ఇరవైమందికి మించి రాకూడదన్నారు. పరామర్శలు ఆగిపోయాయి. పదో రోజు లేదు, పెద్దదినం లేదు, కూర్చోవడానికి మనిషి రాలేదు. ఆ రోజుల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళను ఇప్పటికైనా పలకరించవచ్చు. ఆలస్యమైందని మొహమాటపడనక్కర్లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, వీడియో కాల్‌లో చితిని చూసిన పిల్లలున్నారు. వాళ్ళకు ఊరివాళ్ళెవరూ ఎదురుపడరు, కొట్టు దగ్గర ఆగి "మీ నాన్న ఇక్కడే కూర్చునేవాడు" అని చెప్పేవాళ్ళుండరు. వాళ్ళకు చేతులు జోడించిన బొమ్మ పంపడం కన్నా, రెండు నిమిషాలు మాట్లాడి వాయిస్ మెసేజ్ పంపడం మేలు. ఆ గొంతు, ఆ యాస, మధ్యలో వినిపించే ఆ ఊరి చప్పుడు కూడా వాళ్ళకు చేరతాయి.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మూలన కూర్చున్న ఆ తల్లి సంగతి. భర్త పోయిన ఇంట్లో అందరూ కొడుకులతో మాట్లాడతారు. ఆమె దగ్గర ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తారు, ఓదారుస్తారు, కాస్త ఎంగిలి పడమని బతిమాలతారు. ఆయనతో యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఆయన గురించి ఒక్క మాట అడిగేవాళ్ళుండరు. పదకొండు రోజులు దాటాక చుట్టాలందరూ వెళ్ళిపోతారు, షామియానా విప్పేస్తారు. అప్పుడు వెళ్ళండి. పెద్ద జనం లేని ఒక మధ్యాహ్నం చూసుకుని వెళ్ళి, ఆమె పక్కన చాప మీద కూర్చుని అడగండి: పెద్దమ్మా, పెండ్లయిన కొత్తల పెదనాయిన ఎట్లుండెటోడు? మొదటిసారి మీరిద్దరు ఏడికి పోయిన్రు? నీ మీద కోపమొస్తె ఏం జేసేటోడు? మొదట ఆమె, ఇప్పుడవన్నీ ఎందుకు బిడ్డా అంటుంది. లేవకుండా కూర్చోండి. కాసేపటికి చెప్పడం మొదలుపెడుతుంది. చెబుతూ చెబుతూ ఎక్కడో నవ్వుతుంది కూడా. లోపలి గదిలోంచి ఎవరన్నా, చావింట్లో నవ్వులేమిటని తొంగి చూస్తే, వాళ్ళకు సర్దిచెప్పే పని మీరు చూసుకోండి, ఆమెను మాత్రం ఆపనివ్వకండి.